ఎదురుగా కూర్చుని నేర్పిన అక్షరాలు

ఆ పేటలో బడి మూతపడటానికి పిల్లల మందబుద్ధే కారణమని చాలా ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాను. "చేపలు పట్టేవాళ్ళ పిల్లలకి ఇంగ్లీషు అక్షరాలేంటండీ, నా తలకాయ" అని నవ్వేవాణ్ణి. వినేవాళ్ళూ నవ్వేవారు. అది పచ్చి అబద్ధం. ఇప్పుడు నిజం చెప్పినందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అయినా చెప్పకుండా పోవడానికి మనసొప్పడం లేదు.

మొగల్తూరుకి అవతల, ఉప్పుకాలువ ఒడ్డున ఆ పేట. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, ఇంట్లో అందరికీ బరువై తిరుగుతున్నాను. ఆ పేటకి పెద్ద అయిన ఒకాయన తాటాకుల పాక వేయించి, పంతులు కావాలని కబురు పెట్టాడు. వాళ్ళకి కావలసింది ఇంగ్లీషు అక్షరాలు. పడవలన్నిటికీ కాలువ ఆఫీసువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలు రాయించేవారు. ఏ పడవకి ఏ అక్షరమో పేటలో ఒక్కరికీ తెలియదు. కాలువలో పడవలు దాటించే లాకు దగ్గర గుమాస్తా ఇది నీ పడవ కాదంటే కాదు, అంతే. తమ పడవని తాము గుర్తుపట్టే పిల్ల ఒక్కతి ఉంటే చాలని ఆ పెద్దాయన ఆశ.

సర్కారు ఆ బడికి ఒక షరతు పెట్టింది. ఏడాది తిరిగేలోగా పరీక్షాధికారి వస్తాడు. పటం మీద వేలు పెట్టి అడిగితే పిల్లలు అక్షరం గుర్తుపట్టి చెప్పాలి. చెబితే బడి ఉంటుంది, లేకపోతే ఎత్తేస్తారు.

మా వైపు పిల్లలకి అక్షరాలు నేర్పే పద్ధతి అందరికీ తెలిసిందే. నేల మీద ఇసుక పరిచి, పంతులుగారు పిల్లవాడి వెనకాల కూర్చుని, వాడి చూపుడువేలు తన చేత్తో పట్టుకుని దిద్దిస్తారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. మా పంతులుగారి పొట్ట నా వీపుకి తగులుతుండేది, ఆయన నశ్యం వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

నేను మాత్రం ఆ పిల్లల్ని ముట్టుకోలేదు. ముట్టుకునే ఉద్దేశం కూడా నాకు లేదు. ఇంట్లో మడి, అమ్మ ఆచారం. ఆ పేటకి వెళ్ళివచ్చానంటేనే కాలువలో మునిగితే గానీ గడప తొక్కనిచ్చేది కాదు. అందుకని ఇసుకకి ఇవతల పీట వేసుకుని నేను, అవతల వరసగా ఇరవైమంది పిల్లలు. చేతిలో వెదురుపుల్లతో ఇసుకలో అక్షరం గీసేవాణ్ణి. పుల్ల వెనక్కి తీశాక వాళ్ళు ముందుకి వంగి, ఆ గీతల మీదే వేలుతో దిద్దేవారు. ఆ వేళ్ళు చకచకా కదిలేవి. నెలరోజులకే ఇసుక చదును చేసి చూడకుండా రాయమంటే రాసేశారు. నా పీట మీదనుంచి చూస్తే ప్రతి అక్షరమూ ముత్యంలా ఉండేది. నేను పొంగిపోయాను. ఎంత తెలివితక్కువవాడినో చూడండి, ఆ అక్షరాలు నా వైపు నుంచి ముత్యాల్లా ఉన్నాయంటే వాళ్ళ వైపు నుంచి ఎలా ఉంటాయన్న ఆలోచనే రాలేదు నాకు.

పరీక్షకి తొమ్మిది రోజులుందనగా కబురుతోపాటు ఒక అచ్చు పటం పంపించారు. దాన్ని పాక గుంజకి తగిలించి, ఆ పెద్దాయన మనవరాలిని లేపాను. ఆరేళ్ళుంటాయి. అందరిలోకీ చురుకైన పిల్ల. పుల్లతో మొదటి అక్షరం చూపించి "ఇదేంటే?" అన్నాను.

"తెలీదండి."

రెండోది చూపించాను. తెలీదంది. 'ఎమ్' చూపిస్తే 'డబ్ల్యూ' అంది. ఇరవయ్యారింటిలో ఏడో ఎనిమిదో చెప్పింది. మిగతా పిల్లలూ అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. పుల్లతో నాలుగు తగిలించాను. అప్పటికీ కోపం తీరక పటాన్ని పీకి ఇసుకలోకి విసిరేశాను. అది నా వైపు తిన్నగా, వాళ్ళ వైపు తిరగేసి పడింది. ఆ పిల్ల వెక్కుతూనే దాని వంక చూసి, "ఇది ఎ అండి, ఇది బి అండి" అని మొదలుపెట్టి, నేను ఎక్కడ పుల్ల పెడితే అక్కడ, ఇరవయ్యారూ తప్పులేకుండా చెప్పింది.

ఏడాదిపాటు ఇరవైమందికి తలకిందుల అక్షరాలు నేర్పాను.

విరుగుడు ఏమిటో ఆ క్షణంలోనే తెలుసు నాకు. వెళ్ళి వాళ్ళ వెనకాల కూర్చుని, వేలు పట్టుకుని మళ్ళీ దిద్దించాలి. అదొక్కటి తప్ప మిగతావన్నీ చేశాను. పీట తీసుకెళ్ళి వాళ్ళ వైపు వేసుకున్నాను. పిల్లలందరూ గబగబా లేచి ఇసుక చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ నాకు ఎదురుగా కూర్చున్నారు. పంతులుగారి పక్కన కూర్చోకూడదనీ, నీడైనా తగలనీయకూడదనీ వాళ్ళకి ఇళ్ళల్లో గట్టిగా చెప్పారు. ఇక్కడే కూర్చోండర్రా అని అరిస్తే భయపడి పాక అంచులదాకా జరిగిపోయారు. పటం ఎత్తుగా కట్టి గొంతు పోయేదాకా చెప్పించాను. నాలుగు రోజులకి వాళ్ళు పాత రూపమూ మర్చిపోయారు, కొత్త రూపమూ పట్టుబడలేదు. అంతకుముందు వచ్చిన ఏడెనిమిది అక్షరాలకి కూడా బిక్కమొహాలు వేశారు. నాకు అన్నం సహించడం మానేసింది. కళ్ళు మూసుకుంటే పటంలోని అక్షరాలు గిర్రున తిరిగేవి.

ఆరోరోజు పేట పెద్ద వచ్చి పాక బయట నిలబడ్డాడు.

"ఏంటండి పంతులుగారూ, పిల్లలు ఏడుపు మొకాలేసుకుని వత్తన్నారు?"

జరిగింది చెప్పాను. ఆయన తీరిగ్గా విన్నాడు. "మరి ఎలా సేత్తే సరవుద్దంటారండి?"

"చెయ్యి పట్టుకుని దిద్దించాలి."

"అయితే పట్టుకోండి మరి," అన్నాడు. నేను పుల్లతో ఇసుక చదును చేయసాగాను. కాసేపటికి ఆయనకి అర్థమైంది. తలపాగా తీసి భుజాన వేసుకుని, "ఆయ్, అదాండి. సరేనండి," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఇరవైమంది పిల్లలూ తలంటు పోసుకుని వచ్చారు. ఒళ్ళంతా పసుపు, సున్నిపిండి. చేపల వాసన పోవాలని తల్లులు చింతపండుతో తోమితే చేతులు ఎర్రగా కందిపోయాయి. కొందరికి గోళ్ళ దగ్గర చర్మం లేచింది. ఆ మనవరాలు వచ్చి నా పీటకి జానెడు దూరంలో వీపు నావైపు పెట్టి కూర్చుంది. కూర్చుని చూపుడువేలు చాపింది.

నా చెయ్యి లేచింది. సగందాకా వెళ్ళింది. గట్టు మీద ఎవరో నడిచి వెళుతున్న చప్పుడైంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పుల్ల ఒక చివర నేను పట్టుకుని రెండో చివర ఆ పిల్లకి అందించి, "ఇలా పట్టుకో, నేను తిప్పుతాను" అన్నాను. రెండు గీతలు గీశామో లేదో, పుల్ల పుటుక్కున విరిగింది. ఆ పిల్ల విరిగిన ముక్కని జాగ్రత్తగా, వేళ్ళు తగలకుండా, ఇసుక మీద పెట్టి నా వైపు జరిపింది.

అన్నట్టే తొమ్మిదో రోజున పరీక్షాధికారి మధ్యాహ్నం భోజనాలవేళకి వచ్చాడు. కోటు, తలపాగా, చెమటతో చిరాకు. కుర్చీ వేయించి కూర్చోబెట్టాం. పేటంతా పాక చుట్టూ నిలబడి ఉంది. ఆయన బెత్తంతో ఒక అక్షరం చూపించాడు. పిల్లలు నోరు మెదపలేదు. ఇంకోటి చూపించాడు. పేట పెద్ద నా మొహంలోకి చూస్తున్నాడు. నేను నేలకేసి చూస్తున్నాను.

అప్పుడు ఆ మనవరాలు లేచి, గుంజ దగ్గరికి వెళ్ళి, ఇసుకలో వెల్లకిలా పడుకుంది. తల పటం వైపు వాల్చి, కళ్ళు పైకి తిప్పి చూసి, "అది జి అండి," అని అరిచింది. "ఇది ఆర్ అండి!" మిగతావాళ్ళకి ప్రాణం లేచి వచ్చినట్టైంది. అందరూ వెళ్ళి పక్కపక్కనే పడుకుని ఒక్కగొంతుతో చెప్పడం మొదలుపెట్టారు. ఒక్కటీ తప్పలేదు. కానీ వాళ్ళ పాదాలు నలభై, పరీక్షాధికారి మొహానికి ఎదురుగా ఉన్నాయి.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఏంటయ్యా ఇది? పెద్దవాళ్ళ మొహాన కాళ్ళు చాపమని నేర్పావా?"

ఒక్క మాట చాలు. నేను ఎదురుగా కూర్చుని నేర్పానండి, తప్పు నాది, ఈ పిల్లలకి అక్షరాలన్నీ వచ్చు అంటే చాలు. అయితే ఎందుకు ఎదురుగా కూర్చున్నావని అడుగుతాడు. ఆ జవాబు పేటంతా వింటుండగా నా నోటితో చెప్పాలి. నేను చేతులు కట్టుకుని, "మొద్దు పిల్లలండి," అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఏం రాశాడో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. తల్లులు పిల్లల్ని ఇసుక దులిపి ఇళ్ళకి తీసుకెళ్ళారు. పేట పెద్ద నన్ను ఒక్కమాట కూడా అనలేదు. "ఎండగా ఉందండి, మజ్జిగ తాగి ఎల్దురుగాని," అని, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "తాగరు కదా," అనుకుంటూ వెళ్ళిపోయాడు.

పటం విప్పి చుడుతుంటే ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. చుట్టూ చూశాను. గట్టు మీద ఎవరూ లేరు. వెళ్ళి ఆ పిల్ల వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, చూపుడువేలు పట్టుకున్నాను. చింతపండుతో తోమిన వేలు, ఇంకా గరుకుగానే ఉంది. ఇసుకలో నెమ్మదిగా మొదటి అక్షరం దిద్దించాను. ఆ పిల్ల తల అటూ ఇటూ వంచి చూసింది.

"తిరగేసి రాశారండి," అంది.

ఆ సాయంత్రం కూడా నేను ఇంటికి వెళ్ళేముందు కాలువలో మునిగాను.