కొండ నల్లమన్ను

మా సైన్సు అయ్యవారు పోయారు. కడపలో ఉన్న నాకు ఆ కబురు బద్వేలు బస్సు కండక్టరు తెచ్చాడు. నేను పోయేసరికి ఊరంతా ఇంటిముందు కూర్చుని ఆయన మంచితనాన్ని తెగ పొగుడుతోంది. ఆయన బతికుండగా మీలో ఒక్కరన్నా ఆయన మాట విన్నారా అని అడగాలనిపించింది.

ఊరికి పడమటి కొండలోయలో, వాగు పక్కన, నేరేళ్లూ పాలచెట్లూ కలిసిన చిన్న అడవి ఉండేది. చుట్టూ కొండలన్నీ ఎండాకాలం మోడువారినా అది పచ్చగా ఉండేది. ఆదివారాలు అయ్యవారు మమ్మల్ని అక్కడికి తీసుకుపోయేవారు. వేర్లు ఏరేసిన మన్నును ఇనుపతీగల బుట్టలో నింపి చెట్ల కింద పాతేవారు. కొత్త వేరు ఎంత పుట్టిందో చూడ్డానికి వానలయ్యాక తీస్తే, బుట్టనిండా తెల్లటి పీచువేర్లు అల్లుకుని ఉండేవి. వాటిని ఇంట్లోని పిండి జల్లెడలో వేసి వాగులో కడిగేవారు. "జల్లెడ అడివికి పోయుండాది, పొట్టుతోనే రొట్టె తినండి" అని ఆయన భార్య సణిగేది. కడిగిన బురదను కూడా అయ్యవారు వాగులో పోనిచ్చేవారు కాదు, మళ్లీ ఆ చెట్టు మొదట్లోనే పోయించేవారు.

"ఆకు రాలేది అందురికీ కనపడతాది. అడుగున పీచు రాలేది ఎవురికి కనపడతాది? పుడతాంటాది, సస్తాంటాది. సచ్చిన పీచే నల్లమన్నయి, పుట్టే పీచుకు కూడు పెడతాది" అనేవారు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది మా ఊరికి మామిడి పిచ్చి పట్టింది. బనగానపల్లె నుంచి అంట్లు తెచ్చి గులకచేలల్లో నాటారు. గుంతల్లో అడవి నల్లమన్ను పోస్తే చెట్టు ఏపుగా వస్తుందని బండ్లు కట్టారు. ముందు బండి అయ్యవారి సొంత అన్నదే. అయ్యవారు దానికి అడ్డం నిలబడ్డారు.

"లావు వేరు ఒక్కటన్నా ముట్టుకున్యామా అప్పా? పైన జానెడు మన్ను తీస్తాండాం, అంతే" అన్నాడు అన్న.

"లావు వేర్లు చెట్టును నిలబెడతాయి అన్నా. నీళ్లు తాగేది ఆ జానెడులో ఉండే పీచే. చెట్టు నోరు కోసి బండికెత్తుకుంటాండావు."

"ఆ పాఠం పిల్లోళ్లకు చెప్పుకో పో!"

అందరూ నవ్వి పారలు ఎత్తారు. రెండు ఎండాకాలాల్లో చెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. అడవికి తెగులు తగిలిందన్నారు. ఎవడికీ సిగ్గు లేదు. అయ్యవారు మళ్లీ వాదించలేదు, బుట్టలు పాతడం మానలేదు. పోయిన వానాకాలం, వాగు మలుపులో మిగిలిన ఒకే ఒక నేరేడు కింద తీసిన బుట్ట నాకు చూపించారు. అడుగున నాలుగు తెల్లటి పోగులు.

"దీనికింకా బతకాలనే ఉండాది రా" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

చేనిగట్టున ఆయన్ని పూడ్చాం. అన్న ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. సమాధి పక్కన మామిడి అంటు నాటాలని గుంత తీయించి, బండెడు మన్ను తోలించాడు.

"మావానికి శానా ఇష్టమైన మన్నప్పా. వాగు మలుపులో నేరేడు కింద తవ్విచ్చినా" అన్నాడు నాతో.

మన్ను ఇంకా తడిగా ఉంది. అప్పుడే తెగిన తెల్లటి పీచు అందులో నుంచి బయటికొచ్చి, ఎండకు నా కళ్లముందే వాడిపోతోంది.