జామపండు రంగు అమెరికా కారు

ఆ రోజుల్లో జహీరాబాదులో కారు కొనడం కన్నా కారు గురించి మాట్లాడటం తేలిక. మాట్లాడటానికి పెట్రోలు అక్కర్లేదు కదా! బొంబాయి రోడ్డు మీద పోయే ప్రతి బండి గురించీ చాయ్ హోటల్లో కూర్చుని తీర్పులిచ్చే కుర్రకారులో నేనూ ఒకణ్ని. మెట్రిక్ గట్టెక్కాక ఏ ఉద్యోగమూ నన్ను పిలవకపోవడంతో మా అక్క మొగుడి లారీ మరమ్మతు షెడ్డులో చేరాను. (పని నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పేవాణ్ని. పనిముట్ల పేర్లు నేర్చుకుంటున్నానంటే నిజానికి కాస్త దగ్గరగా ఉండేది.)

మా బావ ఏ బండి పని పట్టినా "కంపెనీల నుంచి వచ్చినట్టు ఉండాలె" అనేవాడు. అలాంటి మనిషి ఝరాసంగం వైపు ఒక దొరగారి ట్రాక్టరు చూడబోయి, పశువుల కొట్టంలో ఓ అమెరికా కారును చూశాడు. దొరగారి తండ్రి కొన్న కారది. ఇప్పుడు దాని సీట్లలో కోళ్లు పొదుగుతున్నాయి. ఏటా కొట్టానికి సున్నం వేసినప్పుడల్లా దానికీ వేస్తున్నారు. "జాగ ఖాళీ అయితె చాలు, తీస్కపో" అన్నాడు దొర. కారుకు ఎడ్లను కట్టాం. బావ స్టీరింగు పట్టుకుని పెళ్లికొడుకులా కూర్చుంటే, నేను ఎడ్లను అదిలిస్తూ ముందు నడిచాను. అమెరికా కారు అలా ఊళ్లోకి వచ్చింది.

మా అక్క వాకిట్లోంచే చూసింది. "ఇంట్ల కారుతున్న బిందెకు మాటు ఏసెతందుకు తీరిక లేదు గని, గీ కోళ్ల గూడు బాగుచేస్తవా?"

"జర ఓపిక పట్టు. కంపెనీల నుంచి వచ్చినట్టు చేస్త" అన్నాడు బావ.

"దసరా దాన్క చూస్త. అప్పటికి గిది నడవకపోతె పిల్లల్ని తోల్కొని మా అమ్మగారింటికి పోత."

(అమ్మగారిల్లంటే నేనుండే ఇల్లే. ఆ పిల్లలతో ఒకే గదిలో పడుకోవడం ఊహించుకుని, ఆ రోజు నుంచి నేను నిజంగానే పని నేర్చుకోవడం మొదలుపెట్టాను.)

ఇంజను విప్పాం, కడిగాం, మళ్లీ బిగించాం. ఏదో మిగిలిపోతే మళ్లీ విప్పాం. హైదరాబాదు పాత సామాన్ల దుకాణాల్లో తిరిగి దీపాల అద్దాలు తెచ్చాం. సీట్లకు కొత్త దూది కూరాం. లారీల వాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి పక్క షెడ్డుకు పోతున్నా బావ పట్టించుకోలేదు. చివరికి రంగు దగ్గర చిక్కుపడ్డాం. సున్నం గీకితే తుప్పు తప్ప ఏమీ బయటపడలేదు. దొరగారిని అడిగితే "నాకు తెలివొచ్చినప్పటి సంది తెల్లగనే ఉంది" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది అక్కకు: మా పెద్దమ్మ పెళ్లికి దొరగారి తండ్రి ఈ కారే వాడుకోమని ఇచ్చాడు, కోహీర్ నుంచి ఆమె అత్తగారింటికి వచ్చింది ఇందులోనే.

"కోహీర్ జామపండు లెక్క ఉండె బిడ్డా" అంది పెద్దమ్మ, తడుముకోకుండా. మా పెద్దనాన్నను అడిగితే పొగాకు నలుపుకుంటూ "మీ పెద్దమ్మ ఏదంటె గదే" అన్నాడు.

ఆ రంగు ఏ దుకాణంలోనూ డబ్బాలో దొరకదు. పసుపు, పచ్చ, తెలుపు కలిపి రేకు ముక్కల మీద పూసి ఆమెకు చూపించేవాణ్ని. "గిది పచ్చి కాయ" అనేది. ఇంకో ముక్క చూస్తే "దోరగుంది." ఇంకోటి చూపిస్తే "గిది మరీ మక్కిపోయింది." ఆఖరికి ఒక ముక్కను అటూ ఇటూ తిప్పి "ఆఁ, గిదే" అంది. బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దసరా నాడు కారుకు పూజ చేసి, పెద్దమ్మనూ పెద్దనాన్ననూ వెనక కూర్చోబెట్టి, చిరాగ్‌పల్లి దాకా బయలుదేరాం. ఊరు దాటాక బావ ఉండబట్టలేక అడిగాడు. "ఎట్లున్నది పెద్దత్తమ్మా, అప్పట్లెక్కనే ఉన్నదా?"

"ఏమో బిడ్డా, నాకెట్ల తెలుస్తది? ఆ దినం తలకాయ వంచుకొని ఏడ్సుకుంట కూసున్న. కారు రంగు ఎవరు చూసిన్రు?"

"మరి జామపండు అంటివి?"

"మా అన్న ఒళ్లె జామపండు పెట్టిండు. తొవ్వ పొడుగూత దాన్నే చూసుకుంట వచ్చిన. నువ్వు గంత మంచిగ అడిగితివి, తెల్వదని ఎట్లంట?"

అప్పుడు పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. "కారు నల్లగుండె."

బావ బ్రేకు తొక్కిన తొక్కుకు ఇంజను ఆగిపోయింది. "ముందుగాల్ల చెప్పొద్దా!"

"ఆమె గంత సంబురంగ చెప్తుంటె నడుమ నేనెందుకు?"

"నల్లరంగు ఏస్త. రేపే ఏస్త" అన్నాడు బావ. "ఏసినవంటె నేను ఎక్క" అంది పెద్దమ్మ. బావ ఎంత తిప్పినా ఇంజను మళ్లీ అందుకోలేదు. తర్వాత పెద్దనాన్నా నేనూ దిగి కారు నెట్టాం. పెద్దమ్మ మాత్రం కిటికీలోంచి చేలు చూస్తూ హాయిగా కూర్చుంది. మా అక్క ఎక్కడికీ పోలేదు. కారు రంగూ మారలేదు. ఎవరైనా అడిగితే "అంత కంపెనీ లెక్కనే, జర్రంత ఫరకు" అనేవాడు బావ.

మొన్న ఈ కథ చెబుతుంటే నా మనవరాలు "ఆ రోజు నువ్వు ఏ రంగు చొక్కా వేసుకున్నావు తాతా?" అని అడిగింది. లేత నీలం అని టక్కున చెప్పేశాను. అది ఇష్టంగా తలూపి ఆటకు పోయింది. అప్పట్నుంచీ కూర్చుని ఆలోచిస్తున్నాను, అసలు నాకు నీలం చొక్కా ఎప్పుడైనా ఉండేదా అని.