మా మామ పడవ తాగిన డీజిల్

నా చిన్నప్పుడు, ఐదో తరగతి దాటి ఆరులోకి వచ్చిన ఏడు, దసరా సెలవులకు మా అమ్మ పుట్టింటికి వెళ్లాను. నందికొట్కూరు దాటి బస్సు దిగాక రెండు మైళ్లు నడవాలి. దారి పొడుగునా శనగ విత్తడానికి దున్ని వదిలిన నల్లరేగడి, మధ్యమధ్య నాపరాళ్ల గట్లు. చివరి మలుపు తిరగగానే కనుచూపు మేర నీళ్లు. ప్రాజెక్టు వెనక నిలిచిన కృష్ణ నీళ్లు అవి. వానాకాలంలో వచ్చి, ఎండలు ముదిరేసరికి వెనక్కి పోతాయి. మా అమ్మ పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. ఏటికి మరీ దగ్గరి ఊరు కాబట్టి ఎండాకాలంలో కూడా బయటపడేది కాదు. అది మునిగాక మెరక మీద కట్టుకున్న కొత్త ఊళ్లో మా అవ్వ, మామ, అత్త ఉండేవాళ్లు.

మామ అంతకుముందు ట్రాక్టరు తోలేవాడు. ఆ ఏడే అది మానేసి ఒక పాత చెక్కపడవ కొని, బావి నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ను దానికి బిగించాడు. ఆదివారాలు కర్నూలు నుంచి జనం నీళ్లు చూడటానికి వచ్చేవాళ్లు. వాళ్లను ఎక్కించుకుని, నీళ్ల మధ్య తేలిన గుట్ట దాకా తిప్పి తెచ్చేవాడు. ఎక్కేవాళ్లకు కొదవ లేదు. కానీ వచ్చినదంతా డీజిల్‌కే పోయేది. కాస్తో కూస్తో మిగిలితే తారుకు, పగిలిన చెక్కకు చాలేది కాదు. నేను వెళ్లేసరికి మామ విసిగిపోయి ఉన్నాడు. అవతలి ఒడ్డున చేపలు పట్టించే కాంట్రాక్టరు ఒకాయన సోమవారం వచ్చి పడవ తీసుకుపోతానన్నాడట. నేను వెళ్లింది శుక్రవారం.

నాకు ఏడుపొచ్చింది. మా మామకు పడవ ఉందని బడిలో అందరికీ చెప్పి వచ్చాను. పడవ నడిపిన మొదటి రోజున అవ్వ ఒక్కసారే ఎక్కిందట. ఇంజన్ మోతకు రెండు చెవులూ కొంగుతో మూసుకుని కూర్చుని, దిగి ఇంటికి వచ్చేసిందట. అయినా పడవ అమ్ముతారన్న మాట విన్నప్పటి నుంచి సరిగా సంగటి ముట్టడం లేదని అత్త చెప్పింది. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

పక్కింటి చాచా ఇంజన్ల మెకానిక్కు. చుట్టుపక్కల ఏ బావి మీద ఇంజన్ మొరాయించినా ఆయన రావలసిందే. ఆయనకు ఈత రాదు, నీళ్లంటే భయం. శనివారం పొద్దున ఒడ్డున నిలబడి, పడవ వెనక భాగం నాగలిలా నీళ్లలో దిగబడి రావడం చూసి, మామ దిగీ దిగకముందే అడిగాడు.

"ఏమప్పా, పడవ తోల్తాండావా, మడక తోల్తాండావా?"

"నీకు ఎగతాళిగా ఉండాదిలే అన్నా. ఇది నీళ్లు తాగినట్ల తాగతాంది డీజిల్ని," అన్నాడు మామ.

చాచా పడవలోకి తొంగి చూశాడు. వెనక భాగంలో, ఇంజన్ పక్కనే ఆరు నాపరాళ్లు పేర్చి ఉన్నాయి. అవెందుకని అడిగితే, బరువు లేకుంటే నీళ్లలో తిరిగే రెక్కకు పట్టు యాడ దొరుకుతాదన్నాడు మామ. ట్రాక్టరు చక్రం జారకుండా వెనక బరువు వేసిన అలవాటు అది. ఆ అలవాటుతోనే ఇంజన్ను కూడా మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా లాగి తోలేవాడు. మా వైపు నేల తెలిసినవాళ్లే గాని నీళ్లు తెలిసినవాళ్లు ఎవరు?

మధ్యాహ్నం చాచా ఒక ఖాళీ సెలైన్ బాటిల్ తెచ్చాడు. దాని నిండా డీజిల్ పోసి, వెదురుకర్రకు తలకిందులుగా కట్టి, దాని గొట్టాన్ని ఇంజన్‌కు కలిపాడు. బాటిల్ మీది గీతలు చదివే పని నాకు అప్పగించాడు. జనం బరువు కూడా ఉండాలని అత్తను, అవ్వను ఎక్కమన్నాడు. అవ్వ కొంగుతో చెవులు మూసుకునే ఎక్కింది. చాచా కూడా ఎక్కి, పడవ అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

పోయేటప్పుడు మామ ఎప్పటిలాగే తోలాడు. పడవ ముక్కు ఆకాశంలోకి లేచింది. గుట్ట చేరడానికి పది నిమిషాలు పట్టింది. బాటిల్లో రెండు వందల మిల్లీలీటర్లు ఖాళీ అయ్యాయి. దారిలోనే చాచా మామ భుజం తట్టి వెనక్కి చూడమన్నాడు. మా వెనక తెల్లటి అల, నా నడుమెత్తున లేచి వస్తోంది.

"అంతెత్తు నీళ్లు లేపింది ఎవురు? నీ డీజిలే. నువ్వు జనాన్ని మోయలేదప్పా, నీళ్లను మోసినావు!" అని అరిచాడు.

గుట్ట దగ్గర రాళ్లన్నీ దింపించాడు. పడవ అడుగున చేయి అందినంత మేర పాచి గీకించాడు. మమ్మల్ని మధ్యకు జరిపి కూర్చోబెట్టాడు. ఇంజన్ను సగానికి తగ్గించమన్నాడు. పడవ సమంగా నిలబడి, నీళ్లను కోయకుండా జరుపుకుంటూ బయలుదేరింది. వెనక అల లేదు. నేను గీతలు చూస్తూ ఉన్నాను. అప్పుడు అవ్వ చెవుల మీది కొంగు తీసింది.

"ఇది మా కళ్లం," అంది.

పంట నూర్చే కళ్లం నీళ్ల మీద ఎక్కడిదో ఎవరికీ అర్థం కాలేదు. ఆమె ఎడమ పక్కకు చేయి చూపించి, అది మంచినీళ్ల బావి అంది.

"అంతా నీళ్లే గదమ్మా, నీకెట్ల తెలుస్తాది?" అన్నాడు మామ.

"గుట్ట యాడికి పోతాది రా? గుట్టను బట్టి చెప్తాండా. ఆపొద్దు ఆ మోతలో చెప్తే నువ్వు వింటివా?"

మామ ఎవరూ అడగకుండానే ఇంజన్ను మరికాస్త తగ్గించాడు. పీర్ల చావిడి యాడ అవ్వా అని చాచా మెల్లగా అడిగాడు. ఆయన పుట్టిందీ ఆ ఊళ్లోనే. అవ్వ చూపించింది. అంతసేపూ అంచును వదలని చాచా ఒక చేయి వదిలి గుండె మీద పెట్టుకున్నాడు. ఇంకొంచెం ముందుకు పోయాక, మన ఇల్లు, అంది అవ్వ. మామ ఇంజన్ను పూర్తిగా ఆపేశాడు. అవ్వ వంగి నీళ్లలో చేయి పెట్టింది. ఆ కాసేపు బాటిల్లో డీజిల్ కదలలేదు.

ఒడ్డు చేరేసరికి ఈసారి ఖాళీ అయింది తొంభై మిల్లీలీటర్లే. ఆగిన కాలం పక్కన పెడితే పదిహేను నిమిషాలు. ఐదు నిమిషాలు ఎక్కువ పట్టింది, డీజిల్ మాత్రం పోయేటప్పుడు అయినదాంట్లో సగం కూడా కాలేదు. సోమవారం వచ్చిన కాంట్రాక్టరుకు మామ టీ ఇచ్చి పంపేశాడు. తర్వాత వారానికోసారి పాచి గీకడం, డీజిల్‌ను గుడ్డలో వడగట్టడం, నీళ్లు పోయాక చెక్క పగలకుండా తడి గోతాలు కప్పడం ఆయనకు నేమం అయ్యాయి. పడవ ఇంకా తొమ్మిదేళ్లు తిరిగింది. వచ్చిన జనానికి కూడా నిదానమే నచ్చింది. ప్రతి దసరా సెలవులకూ అవ్వ నాతో ఎక్కి, ఊరు ఇంకాస్త చూపించేది.

ఇప్పుడు అవ్వ లేదు, చాచా లేడు. నేను ఒక ఫ్యాక్టరీలో మోటార్లు తినే కరెంటు తగ్గించే పని చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు సెలైన్ బాటిల్ సంగతి చెబుతాను. పెద్దవాళ్లు ఎవరైనా పక్కన కూర్చుంటే బండి నిదానంగా నడుపుతాను. ఏమైనా చెబుతారేమోనని. చాలామంది చెబుతారు.

ఎవరికీ చెప్పనిది ఒకటి మిగిలింది. గుట్ట నుంచి ఒడ్డు వైపు వస్తే, ముందు కళ్లం, ఎడమకు బావి, దాని వెనక బడి, తర్వాత పీర్ల చావిడి, చావిడి నుంచి నాలుగో గడప మాది. నేను ఎన్నడూ అడుగుపెట్టని ఊరు. అయినా అందులో నేను దారి తప్పను.