కాలిన రాయి చూసి అరిచినందుకు

పైగా మర్యాద తెలియనిది నాకట! రాయికి బూటు తగిలించినవాడికి కాదు, చూసి అరిచిన నాకు.

ఆ చలికాలం హాంబర్గ్‌లో మేమంతా కరోనా వల్ల ఇంటి నుంచే పనిచేస్తున్నాం. నాది మాస్టర్స్ ఆఖరు. ఒక కంపెనీలో వారానికి ఇరవై గంటల స్టూడెంట్ ఉద్యోగం. థీసిస్ అయ్యాక నన్ను పర్మనెంట్ చెయ్యాలా వద్దా అన్నది టీమ్ లీడ్ చేతిలో ఉంది. ఆయనకేమో కర్లింగ్ పిచ్చి. మంచు మీద బరువైన గ్రానైట్ రాయిని జార్చి, దాని ముందు బ్రష్‌లతో తుడుచుకుంటూ ఉరికే ఆట అది. ప్రతి మీటింగ్‌లోనూ అదే గోల. "ఈ రిలీజ్‌లో హ్యామర్ మనదే" అంటాడు. ఆఖరి రాయి వేసే హక్కని అర్థం. "గార్డ్ పెట్టండి" అంటాడు. మంచి రాయికి అడ్డంగా నిలబెట్టే ఇంకో రాయట. గురి చూసే గుండ్రటి గీతల పేరు హౌస్, దాటేలోపు రాయి వదలాల్సిన గీత పేరు హాగ్ లైన్. నేల తుడవడానికి ఇంత డిక్షనరీ! మా కాలనీలో క్యారమ్స్ ఆడేవాళ్లు కూడా ఇంత బిల్డప్ ఇవ్వలేదు.

అయినా ఉద్యోగం కావాలి కదా. జర్మన్ పరీక్షకి చదివినట్టు ఫోన్‌లో ఫ్లాష్‌కార్డులు చేసుకుని, ఎస్‌బాన్ లోకల్ రైల్లో కూర్చుని ఆ పదాలన్నీ బట్టీ పట్టాను. మా టీమ్‌లో ఉన్న ఇంకో తెలుగావిడ విజయవాడ అక్క. ఫోన్‌లో ఒకటే నవ్వు.

"నీకు జర్మనే సరిగ్గా రాదు, ఈ చీపుర్ల భాష దేనికే?"

"కాంట్రాక్ట్ కోసం అక్కా. ఆయన ముంగట ఒక్కసారన్న 'హాగ్ లైన్' అనాలె."

"అను తల్లీ. అంతకుమించి నోరు తెరవకు."

ఆంక్షలు కాస్త సడలగానే టీమంతా కర్లింగ్ హాల్‌కి పోయాం. గుమ్మం దగ్గర వ్యాక్సిన్ క్యూఆర్ కోడ్ చూపించి, మాస్కులతో లోపలికి. ఆట మొదలుపెట్టేముందు ఆయన ఉపన్యాసం. "ఇక్కడ అంపైర్ లేడు. కదిలే రాయికి మీ బ్రష్షో కాలో తగిలితే అది కాలిన రాయి. తగిలినవాళ్లే చెప్పాలి. అదే ఈ ఆట గొప్పతనం."

కాసేపటికి నా బ్రష్ తగిలింది. ఎవ్వరూ చూడలేదు. నేనే చెయ్యెత్తాను. మా రాయి తీసేశారు. ఆయన చప్పట్లు కొట్టి "చూశారా, ఇదీ స్పిరిట్!" అన్నాడు. సంతకం అయిపోయినట్టే అనుకున్నాను. పిచ్చిదాన్ని, ఐస్ ముందు సెల్ఫీ దిగి స్టేటస్ కూడా పెట్టాను.

ఆఖరి రౌండ్. రెండు జట్లూ సమానం. చివరి రాయి ఎదుటి జట్టుది, అందులో తుడిచేది మా టీమ్ లీడే. సగం దారిలో ఆయన బూటు కొన రాయికి తగిలింది. పక్కకి పోతున్న రాయి కాస్త ఊగి, తిన్నగా తిరిగి, హౌస్ నడిమధ్యలో ఆగింది. ఆయన కిందికి చూశాడు. బూటు చూశాడు, రాయి చూశాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు.

నేను దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో అన్నలతో క్రికెట్ ఆడి పెరిగాను. అక్కడ అరవకపోతే అవుట్ ఇచ్చేవాడు లేడు. ఆలోచించకుండానే గొంతు చించుకున్నాను.

"కాలింది! కాలిన రాయి! మీ బూటు తగిలింది!"

ఆయన నవ్వాడు. "నాకేమీ తగిలినట్టు లేదే. అయినా ఈ ఆటలో ఎదుటివాళ్ల తప్పు ఎత్తి చూపం. ఎవరిది వాళ్లే చెప్పుకుంటారు."

"మరి చెప్పుకోండి."

మాస్కు వెనకాల అక్క గొణుగుడు వినిపించింది. "అయిపోయిందే, అయిపోయింది."

వాళ్లే గెలిచారు. సోమవారం కెమెరా ముందు ఆయన చాలా మృదువుగా చెప్పాడు. పని బాగుందట, కానీ టీమ్ సంస్కృతి నాకింకా అబ్బలేదట. పర్మనెంట్ మాట ఇప్పుడు వద్దట. అంతే, ఏడు నిమిషాలు.

అక్క వెంటనే ఫోన్ చేసింది. "ఒక్క సారీ మెయిల్ కొట్టవే. రెండు లైన్లు. మనసు మార్చుకుంటాడేమో."

"ఏమని రాయాలక్కా? మీ బూటు నా కండ్లకు కనబడ్డందుకు క్షమించుండ్రి అనా?"

"వీసా గుర్తుందా నీకు?"

గుర్తుంది. రోజూ ఫోన్‌లో తారీఖు చూసుకుంటూనే ఉన్నాను. వేరే కంపెనీలకి అప్లికేషన్లు పంపుతూనే ఉన్నాను. ఆయనకి మాత్రం ఒక్క అక్షరం రాయలేదు, రాయను. సారీ నేనే చెప్పాలని అక్కలాగే మీకూ అనిపిస్తే, ఏ తప్పుకో చెప్పగలరా?