మునినారాయణ ఇచ్చిన ఫోటో

చింతామణి బస్టాండు వెనక వీధిలో మునినారాయణ ముప్పై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. మాటలు తక్కువ మనిషి. "గడ్డం కొంచెం పైకి... ఆఁ, కదలొద్దు" అనడానికి తప్ప ఆయన నోరు పెగలదని భార్య యశోదమ్మ నవ్వుతుంటుంది.

మురుగమల్ల దర్గా ఉరుసు మరునాడు ఐదుగురు అస్సాం కుర్రాళ్లు కొత్త చొక్కాలు తొడుక్కుని వచ్చారు. కెంచార్లహళ్ళి దగ్గర దేవరాజ్ కోళ్ల ఫారంలో పని వాళ్లది. అందరిలో పెద్దవాడు సైఫుల్‌కి మూడేళ్లలో తెలుగు బాగానే పట్టుబడింది. "అమ్మకు పంపేకి అన్నా, బాగా తీయి" అన్నాడు. భుజాల మీద చేతులేసుకుని, నవ్వాపుకోలేక కదిలిపోతూ నిలబడ్డారు. నాలుగోసారికి గానీ ఫోటో కుదరలేదు.

నెల తర్వాత నందీశ్ వచ్చాడు. ఒక కన్నడ టీవీ చానల్‌కి తాలూకా వార్తలు పంపే విలేకరి. అతని పెళ్లి ఫోటోలు తీసింది మునినారాయణే.

"అన్నా, బయటనుంచి పనికొచ్చిన పిల్లోళ్ల మీద ప్రోగ్రాం చేస్తాండారు. ఫోటో ఏమన్నా ఉండాదా?"

మంచిదేననుకుని ఆయన ఆ ఫోటో పంపేశాడు.

మరుసటి సాయంత్రం అది టీవీలో వచ్చింది. పల్లెల్లో బోరు మోటార్ల కేబుళ్లు పోతున్నాయట. ఆ ఐదు ముఖాల చుట్టూ ఎర్రటి గీతలు. 'ఈ చొరబాటుదారులు ఎవరు?' అని పెద్ద అక్షరాలు.

"ఇదేందయ్యా, ఇది నువ్వు తీసిందే గదా!" అంది యశోదమ్మ.

ఆయన కంచం పక్కకు జరిపేశాడు.

తెల్లారి నందీశ్‌ని అడిగితే, "నేను పంపించినానంతే అన్నా, బెంగళూరులో వాళ్లు అట్ల కట్ చేసినారు. నాదేముండాది?" అన్నాడు.

"నువ్వడిగినావు, నేనిచ్చినాను. ఇద్దరిదీ ఉండాది."

కుర్రాళ్ల గదికి వెళ్లేసరికి ఇద్దరు అప్పటికే కేరళ రైలెక్కారు. మిగిలిన ముగ్గుర్నీ దేవరాజ్ పనిలోకి రావద్దన్నాడు. గది ఖాళీ చేయాలని ఇంటివాళ్లు గడువు పెట్టారు. సైఫుల్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు గానీ లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదేనప్పా. ఆ ఫోటో పెద్దదిగా వేసి, మీ పేర్లు, మీరు చేసే పని రాసి నా అంగడి ముందర పెడతా. జనం సూస్తారు" అన్నాడు మునినారాయణ.

"వద్దన్నా!" అన్నాడు సైఫుల్. "మా ముఖాలు ఇంక ఎవురూ సూడొద్దు. అమ్మ కూడా ఫోన్లో సూసేసింది, ఏమి చేసినావురా అని ఏడుస్తాంది. నువ్వు ఫారం ఓనర్‌తో ఒక మాట చెప్పు. అది చాలు."

అదే ఆయనకు కష్టమైన పని. అయినా పొద్దున్నే కెంచార్లహళ్ళి పాల డైరీ దగ్గరికి వెళ్లాడు. దేవరాజ్‌తో పాటు ఊళ్లో సగం మంది క్యాన్లతో అక్కడే ఉన్నారు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"దేవరాజప్పా, టీవీలో వచ్చిన ఫోటో నేనిచ్చినదే. అమ్మకు పంపాలని తీపిచ్చుకున్నారు పాపం. దొంగతనం సంగతి ఆ టీవీవాళ్లకేమీ తెల్దు. మూడేండ్లు నీ కాడ ఉండారే, ఒక కోడిగుడ్డన్నా పోయిందా?"

"నీకెందుకప్పా ఈ గొడవ?" అన్నారెవరో.

"ఇచ్చింది నేను గదా" అన్నాడాయన.

దేవరాజ్ పాలు పోసి, ఖాళీ క్యాను తీసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులకు ముగ్గుర్నీ పిలిపించాడు. కోళ్లకు మేతేసే మనుషులు దొరక్క పిలిచాడని కొందరన్నారు. అదీ నిజమే కావచ్చు. గది అద్దెకిచ్చిన ఇంటివాళ్లు మాత్రం మెత్తబడలేదు. ముగ్గురూ ఫారంలోనే రేకుల షెడ్డులోకి మారారు. తర్వాత నెలలో కేబుల్ దొంగలు దొరికారు, పక్క తాలూకా వాళ్లు. చానల్ ఆ ముక్క చెప్పలేదు. మునినారాయణ కన్నడలో రాసి పంపిన ఉత్తరానికి జవాబూ లేదు.

ఇప్పుడెవరైనా వేరేవాళ్ల ఫోటో అడిగితే, ఆయన ముందు ఫోటోలో ఉన్నవాళ్లకు ఫోన్ చేస్తాడు. నందీశ్ రావడం మానేశాడు. సైఫుల్ చింతామణికి వచ్చినప్పుడు స్టూడియో దగ్గర ఆగి, టీ తాగి, తమ్ముడి చదువు సంగతులు చెప్పి పోతాడు. ఫోటో తీయమని మాత్రం ఇంతవరకూ అడగలేదు. ఆయనా అడగడు.