మహేశ్వరి కొన్న క్లచ్ లేని కారు

"ఎదుటివాడు ఇండికేటర్ వేశాడు కదా, తిరుగుతాడులే అని నమ్మకండి. వెయ్యలేదు కదా, తిరగడులే అనీ నమ్మకండి."

రాయపూర్ దేవేంద్ర నగర్‌లో మహేశ్వరి దగ్గర కారు నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ మొదటిరోజు పాఠం ఇదే. హిందీ వాళ్లకు హిందీలో, రైల్వే కాలనీ నుంచి వచ్చే మనవాళ్లకు తెలుగులో చెప్పేది. ఆగివున్న కారు తలుపు ఏ క్షణమైనా తెరుచుకుంటుంది, రోడ్డు మధ్య పడుకున్న ఆవు ఏ క్షణమైనా లేస్తుంది అనుకునే బండి నడపాలనేది. ఇంట్లోనూ ఆవిడ తీరు అంతే. గ్యాస్ సిలిండర్ తూచి చూడందే లోపలికి రానివ్వదు. డాక్టరు రెండు మందులు రాస్తే, రెండోది ఎందుకని అడగందే కుర్చీలోంచి లేవదు.

"నన్నెలా నమ్మి చేసుకున్నావే?" అనేవాడు భర్త ఈశ్వర్. ఉర్లాలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో అతను షిఫ్టు సూపర్‌వైజరు.

"నమ్మానని ఎవరు చెప్పారు?" అనేది ఆవిడ.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. పలాస నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి రాయపూర్‌లోనే ఉండిపోయిన కుటుంబం మహేశ్వరిది. పెళ్లయిన కొత్తలో ముచ్చటపడి ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నేర్పేవాడు పక్క సీట్లో కూర్చుని "వాహ్ భాభీజీ!" అంటూ తెగ మెచ్చుకునేవాడు. తీరా నేర్పడం అయిపోయాక మరిది కారెక్కి ఒక్కతే కూర్చుంటే, బండి అంగుళం కదల్లేదు. దగ్గి దగ్గి ఆగిపోయింది. అన్ని రోజులూ క్లచ్చీ, బ్రేకూ, యాక్సిలరేటరూ అన్నీ తన వైపున్న పెడళ్లతో వాడే తొక్కాడు. ఈవిడ ఊరికే స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది.

ఆ రోజు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆవిడకి. తర్వాత మరిదిని బతిమాలి, ఊరి బయట ఖాళీ రోడ్ల మీద పట్టుబట్టి నేర్చుకుంది. రెండేళ్లకి పాత కారొకటి కొని, ఆడవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టి సొంతంగా స్కూలు తెరిచింది. క్లచ్ నేర్పడంలో ఆవిడ పేరు పండ్రీ బజారు దాకా పాకింది. ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగిన బండిని వెనక్కి జారకుండా ముందుకు తీసుకెళ్లగలిగితేనే లైసెన్సు పరీక్షకు పంపేది. ఆ ఒక్కటి రానివాళ్లని కూర్చోబెట్టి, "మీ వల్ల కాదమ్మా, వృథాగా తిరక్కండి" అని నిక్కచ్చిగా చెప్పేసేది.

రెండువేల ఇరవై నాలుగు వేసవికి ఆ పాత కారు పని అయిపోయింది. గేరు పడితే రాదు, వస్తే పడదు. ఈలోపు వచ్చేవాళ్లు కూడా మారారు. "మా ఇంట్లో ఉన్నది ఆటోమేటిక్. మాకు క్లచ్ ఎందుకు మేడమ్‌జీ?" అని అడుగుతున్నారు. కొత్త బండి కొనక తప్పలేదు. ఎలక్ట్రిక్కా, హైబ్రిడ్డా అన్న గొడవ అక్కడ మొదలైంది.

ఈశ్వర్ ఓటు హైబ్రిడ్‌కి. "పెట్రోలూ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది. ఒకటి మొరాయిస్తే ఇంకోటి."

"రెండుంటే రెండూ మొరాయిస్తాయి," అంది మహేశ్వరి.

ఎలక్ట్రిక్ వైపు యుగంధర్ నిలబడ్డాడు. ఈశ్వర్ అక్క కొడుకు. ఏడాది కిందట ఎలక్ట్రిక్ కార్ల షోరూమ్‌లో చేరాడు. ఆదివారం పూట మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఎప్పుడూ చేతులూపుకుంటూ వచ్చేవాడు మిఠాయి తేవడమే మహేశ్వరికి మొదటి అనుమానం.

"అత్తా, మీ తిరుగుడికి ఇదే పక్కా. ఒక్కసారి చార్జ్ పెడితే రెండ్రోజులు చూసుకోనక్కర్లేదు."

"నీకేం వస్తుందిరా ఇందులో?"

"కమీషన్ వస్తుంది. అబద్ధం ఎందుకాడతాను? కానీ అందుకని చెప్పట్లేదు."

"అందుకే చెప్తున్నానని ఎవడన్నా అంటాడా?" అని మిఠాయి పళ్లెంలో పెట్టి వాడి ముందుకే తోసింది.

ముందు హైబ్రిడ్ షోరూమ్‌కి వెళ్లారు. బండి నడిపేది మహేశ్వరి అని చెప్పినా సేల్స్‌మన్ ప్రతి మాటా ఈశ్వర్‌తోనే చెప్పాడు. ప్లగ్గు అక్కర్లేదట, దానంతట అదే చార్జ్ అవుతుందట.

"దానంతట అదా? కరెంటు ఎక్కడిది?" అంది మహేశ్వరి.

"ఇంజన్ నుంచి మేడమ్. బ్రేకు వేసినప్పుడు కూడా కొంత వస్తుంది."

"ఇంజన్ దేంతో నడుస్తుంది?"

"పెట్రోల్‌తో."

"మరి పెట్రోల్ బండి అని చెప్పడానికి నోరు రాదేం?"

బండి మాత్రం బాగుంది. ట్రాఫిక్‌లో నిదానంగా పోతుంటే ఇంజన్ చప్పుడే లేదు. తెర మీద మైలేజీ అంకె కళ్లు తిరిగేలా ఉంది. హైవే ఎక్కుదాం అంటే మాత్రం ఆ సేల్స్‌మన్, "టెస్ట్ డ్రైవ్ రూటు ఇంతే మేడమ్" అని సర్కిల్ దగ్గరే వెనక్కి తిప్పించాడు. దాంతో ఆవిడ మనసు విరిగిపోయింది. అది నిజంగా షోరూమ్ నియమమేనేమో అని ఈశ్వర్ దారి పొడుగునా చెప్పినా వినలేదు.

యుగంధర్‌కి ఆవిడ ఒకటే షరతు పెట్టింది. షోరూమ్ చుట్టూ తిప్పడం కాదు, బండి పొద్దుణ్నించీ సాయంత్రం దాకా తన చేతిలో ఉండాలి. వాడు మేనేజర్ కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. మే నెలాఖరు. నౌతపా ఎండలు, ఈ ఊళ్లో తారు కరిగే రోజులు. కావాలనే ఆ రోజుల్లో పెట్టమంది ఆవిడ.

ఆ పొద్దున పాఠానికి వరహాలమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. గ్యాంగ్‌మన్ భీమారావు భార్య. అరవైకి దగ్గరపడుతున్న మనిషి. భర్తకు పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆసుపత్రికి వెళ్లడానికి ఎవరో ఒకరిని అడగాల్సి వస్తోందని, కూతురి కారు తనే నడపాలని పంతం పట్టింది. పంతం ఉందిగానీ క్లచ్ రాలేదు. ఎన్నాళ్లు నేర్పినా బండి దగ్గుతూనే ఉంది. ఆ రోజు పాఠం అయ్యాక "ఇంక మానేద్దాం పిన్నీ" అని చెప్పెయ్యాలని మహేశ్వరి అనుకుంటోంది. పాత కారు ఎలాగూ స్టార్ట్ కాలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని వెళ్లిపొమ్మనలేక యుగంధర్ తెచ్చిన బండి వెనక సీట్లో ఎక్కించుకుంది.

నయా రాయపూర్ రోడ్డు ఎక్కాక ఏసీ పెంచింది మహేశ్వరి. కాసేపటికి చెమట పట్టింది. మళ్లీ పెంచింది. మళ్లీ ఉక్కపోసింది. మూడోసారి అద్దంలో చూస్తున్నట్టే నటించి ఓరకంట కనిపెడితే, పక్క సీట్లోంచి యుగంధర్ వేలు మెల్లిగా తెర మీదికి పోతోంది.

బండి పక్కకి తీసి ఆపింది.

"ఏసీ ఎందుకు తగ్గిస్తున్నావురా? బ్యాటరీ తొందరగా అయిపోకుండానా? మీ మేనేజర్ నేర్పాడా ఇది?"

వాడి మొహం పాలిపోయింది. "మేనేజర్ కాదత్తా. నాకే భయం." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కిందటి వారం ఒక కస్టమర్‌ని ఇటే తీసుకొచ్చా. ఏసీ ఫుల్లు, ఎండ ఇలాగే. చార్జ్ అంకె గబగబా పడిపోయింది. చార్జింగ్ స్టేషన్‌కి వెళ్తే అది పనిచెయ్యట్లేదు. బండిని తాళ్లతో లాక్కెళ్లారు. ఆయన నా మొహం మీదే నవ్వాడు. అప్పట్నుంచీ ఎవరు ఎక్కినా నా కళ్లు ఆ అంకె మీదే ఉంటున్నాయి."

"ఎంత తగ్గుతుంది ఈ ఎండలో?"

"మేం చెప్పేదాంట్లో ముప్పావు వంతు వస్తే గొప్ప."

"ఆదివారం ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే కొంటావా?"

మహేశ్వరికి కోపం రావాల్సింది, రాలేదు. ఇన్నాళ్లలో అమ్మేవాడి నోట ఆవిడ విన్న మొదటి నికరమైన మాట అది. ఏసీ ఆఖరి దాకా పెంచి, "ఆ స్టేషన్ ఎక్కడుందో చూపించు పద" అంది. వెళ్లి చూస్తే రెండు మెషిన్లలో ఒకటి పనిచేస్తోంది. రెండోదానికి పాలిథిన్ సంచి కట్టి ఉంది. వరహాలమ్మ దాన్ని చూసి, "ఓలమ్మా, దీనికేటి ముసుగు?" అని నవ్వింది.

ఆ పక్కనే ఎవరూ వాడని పెద్ద పార్కింగ్ మైదానం ఉంది. కనుచూపు మేరలో మనిషి లేడు. మహేశ్వరి దిగి, యుగంధర్‌ని వెనక్కి పంపి, వరహాలమ్మని ముందుకు రమ్మంది. "అత్తా, మన వైపు బ్రేకు లేదు!" అని యుగంధర్ గోల పెట్టాడు. చేత్తో వేసే బ్రేకు ఎక్కడుందో ఒకటికి రెండుసార్లు చూసుకుని, వేలు దాని మీద పెట్టి, పక్కన కూర్చుంది మహేశ్వరి.

"ఎడం కాలు కింద పెట్టెయ్యి పిన్నీ. దానికి పనిలేదు. కుడికాలు మెల్లిగా ఆనించు."

బండి కదిలింది. దగ్గలేదు. మైదానం చివరిదాకా వెళ్లి, వరహాలమ్మ తనే తిప్పి, వెనక్కి తెచ్చి, గీత దగ్గర ఆపింది.

"నేనే తోలినానా? నువ్వు ఏటీ సెయ్యలేదు కదా?"

"నేనేం చెయ్యలేదు పిన్నీ."

"ఇంకోసారి తోల్తాను," అంది వరహాలమ్మ, అడగడం కూడా కాదు, చెప్పడమే.

మహేశ్వరి నవ్వుతూ పక్కనుంచి ఆవిడనే చూసింది. ఈవిడకి రోడ్డు తెలుసు, దూరం తెలుసు, భయమూ ఉండాల్సినంతే ఉంది. రానిదల్లా ఎడమకాలి మెలకువ ఒక్కటే. దాని కోసం ఎంతమందిని మీ వల్ల కాదని ఇంటికి పంపించింది తను? అందరినీ అనుమానించిందిగానీ, తను నేర్పే పాఠాన్ని ఎన్నడూ అనుమానించలేదు.

ఇంటికొచ్చి ఈశ్వర్‌తో, "ఎలక్ట్రిక్కే" అంది.

"పాలిథిన్ సంచి చూసి కూడానా?"

"చూశాను కాబట్టే. నా తిరుగుడంతా ఊళ్లోనే. మన గోడకే ప్లగ్గు పెట్టించుకుంటాను. బయటి మెషిన్లని నమ్మను."

"మరి పలాస వెళ్లాలంటే?"

"రాయగడ మీదుగా రైలుంది. మీ నాన్నా, మా నాన్నా ఉద్యోగం చేసింది దాంట్లోనే."

బండి వచ్చింది. మెకానిక్ రఘు చేత తన వైపు బ్రేకు పెడల్ పెట్టించుకుని, ఆర్టీఓ ముద్ర పడేదాకా ఎవరినీ ఎక్కించలేదు. ఆ తర్వాత, గతంలో వద్దని పంపిన ఆడవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొందరు సంతోషించారు. ఒకావిడ ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోయింది. బ్యాంకులో పనిచేసే సుభద్ర మాత్రం చివరిదాకా విని, "స్కూలు నడవట్లేదా మేడమ్? మనుషుల కోసం ఫోన్లు చేస్తున్నారా?" అని పెట్టేసింది. మహేశ్వరికి అది తప్పనిపించలేదు. అవతల తనున్నా సరిగ్గా అలాగే అనేది.

వరహాలమ్మకి దసరా లోపల లైసెన్సు వచ్చింది. భీమారావుని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తనే తీసుకెళ్తోంది. కూతురు భాగ్యశ్రీ కారు హైబ్రిడ్, దానికీ క్లచ్ లేదు. అది కూడా ఆవిడకు బాగానే ఉందట.

మరుసటేడు నౌతపాలో మహేశ్వరి బండి అంకె యుగంధర్ చెప్పినంతా తగ్గింది. ముందే చెప్పాడు కాబట్టి ఆవిడ వాణ్ని ఏమీ అనలేదు. మధ్యాహ్నం పాఠాలు మానేసి పొద్దునా, సాయంత్రం పెట్టుకుంది. ఆ వర్షాకాలంలో సుభద్ర వచ్చింది. గేటు బయటే నిలబడి, ఎంతకాలంలో వస్తుంది, రాకపోతే ఏం చేస్తారు, నేర్చుకుంటున్న వాళ్లతో ఒకసారి మాట్లాడొచ్చా అని అడిగింది. మహేశ్వరి ముగ్గురి ఫోన్ నంబర్లు ఇచ్చి, "అందరితో మాట్లాడాకే రండి" అంది.

తర్వాతి సోమవారం సుభద్ర గొడుగు ముడుస్తూ స్టీరింగ్ ముందు కూర్చుంది.