పండుగ బియ్యం తిన్న బుడ్డి

నా చేతిరాత బాగుండదు. ఊళ్లో నాలుగో తరగతి దాకానే చదువు. తప్పులుంటే మన్నించండి. కాగితం మీద రాసిస్తే మా మనవరాలు ఫోటో తీసి ఫోన్‌లో పెడుతోంది...

మా చిన్నప్పుడు... క్రిస్మస్ ముందురోజు. పెబ్బేరు దగ్గర మా ఊరు. నిజాం కాలం. నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. నాయిన గోడలకు సున్నం వేస్తున్నాడు.

మాది కూలి చేసుకునే ఇల్లు. ఏడాదంతా జొన్నరొట్టె, అంబలి. వరి బియ్యం పండుగకే. అమ్మ అరిసెల కోసం బియ్యం నానబెట్టి, వడగట్టి, లోపలి అర్రలో బట్ట మీద ఆరబోసింది. మధ్యాహ్నం దంచాలి.

నాకొక మేకపిల్ల ఉండేది. పేరు బుడ్డి. తల్లి చనిపోతే గుడ్డ పాలలో ముంచి తాపి పెంచాను. నేను బడికి పోతే వాకిట్లో కూర్చునేది...

ఆ పొద్దున మా మేనమామ వచ్చాడు, తిమ్మాజిపేట నుంచి రెండు రోజులు నడిచి. మేకలు కాసే మనిషి. నోరు ఊరుకోదు. వస్తూనే బుడ్డి వీపు తడిమాడు.

"ఏంరా అల్లుడా, ఇది మస్తు బల్సింది. రేపు కూర గిదేనా?"

"కాదు మామా!"

"మరి గింత దూరం నడిపిచ్చి నాకు రొట్టెనా పెట్టేది?"

అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. నేను మాత్రం నిజమే అనుకున్నాను...

ఎవరూ చూడకుండా బుడ్డిని అర్రలోకి తోసి గొళ్లెం పెట్టాను. మామ కంట పడకుంటే చాలనుకున్నాను. లోపల ఏముందో తట్టనే లేదు. తర్వాత ప్రార్థన గుడిలో కాగితం తోరణాలు కట్టడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి అమ్మ అర్ర ముందు నిలబడి ఉంది. బట్ట మీద పిడికెడు బియ్యం మిగిలింది. బుడ్డి మూలన పడి పళ్లు కొరుకుతోంది. ఎడమ డొక్క డప్పులాగా ఉబ్బింది.

"దీన్ని లోపలికి ఎవరు తోలిండ్రు?" అని అమ్మ అరిచింది.

"మామ కోస్తడని... నేనే దాచిన."

మామ ముఖంలో నవ్వు పోయింది. "అయ్యో బిడ్డా... మష్కిరికి, నవ్వులాటకు అన్నరా!"

నేను ముంతతో నీళ్లు తెచ్చాను. మామ చేయి అడ్డం పెట్టాడు. "నీళ్లు తాపకు. బియ్యం ఇంకా ఉబ్బి పాణం పోతది."

వెదురు గొట్టంతో కొంచెం నూనె, వాము పోశాడు. వేపపుల్ల విరిచి బుడ్డి నోట్లో అడ్డంగా పెట్టి, రెండు కొసలూ చెవుల వెనక నుంచి దారంతో కట్టాడు. పుల్ల నములుతుంటే నోరూరుతుందట, తేన్పు వస్తుందట. ముందు కాళ్లు అరుగు మీద పెట్టించి డొక్క రుద్దుతూ కూర్చున్నాడు.

"బావా, మీరు గుడికి పోండ్రి. నేను ఈడనే ఉంట," అన్నాడు నాయినతో.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "పండుగ బియ్యమంతా మేకకు పెట్టిండ్రు, మామా అల్లుళ్లు! ఇగ అరిసెలు తిన్నట్లే..." అని, ఆ నోటితోనే, "జర మంచిగ రుద్దన్నా," అంది.

పొద్దు వాలుతోంది. గుడిలో పాటలు మొదలయ్యాయి. మామ కొత్త ధోవతి నిండా మేక చొంగ... నేను బుడ్డి తల పట్టుకుని మనసులోనే ప్రార్థన చేశాను. ఏమని చేశానో గుర్తు లేదు.

అప్పుడు వచ్చింది తేన్పు. పుల్లటి కంపు, నేరుగా మామ ముఖం మీదికే!

"ఇగ బత్కిందిరా!" అని మామ నన్నెత్తి పట్టుకున్నాడు. కాసేపటికి బుడ్డి నెమరు వేసింది. మరునాడు మా ఇంట్లో అరిసెలు లేవు. నాకు మాత్రం అంత మంచి పండుగ మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మనవరాలి కుక్క ఉంది. పండుగనాడు కేకు దానికి అందకుండా పైన పెట్టి, నీళ్లు పెట్టి, గదిలో ఉంచి అందరం పోతాం. మంచి జాగ్రత్తే. కానీ పోయిన క్రిస్మస్‌కు నేను గుడికి పోలేదు. మోకాళ్ల నొప్పి అన్నాను... అబద్ధం. దాని పక్కన కాసేపు కూర్చోవాలనిపించింది. పండుగ మానుకుని ఒక మూగజీవం దగ్గర కూర్చునే తీరిక ఇప్పుడు ముసలివాళ్లకే మిగిలింది.

మీ ఇంట్లో పండుగ పూట ఏ జీవం మిమ్మల్ని ఇట్లా పరేషాన్ చేసింది? జర తొందరగా రాయండి. మనవరాలు చదివి వినిపిస్తుంది.